పద్దెనిమిది వందల "పాత" పేపరు: చెన్నపట్నం జార్జిటౌనులో మా తిరుగుడు

ముందే ఒక మాట. పాత పేపర్లు అమ్మే షాపువాడు ప్లాస్టిక్ కవరు విప్పి చూపించనంటే, ఎంత తియ్యగా మాట్లాడినా కొనకండి. ఈ ముక్క తెలియడానికి నాకు రూ.1,800 అయింది.

మా మావయ్యగారు విజయవాడలో ముప్పై ఏళ్ళకు పైగా అచ్చాఫీసులో కంపోజిటరు. కేసులోంచి, అంటే అరల పెట్టెలోంచి, సీసం అక్షరాలు ఏరి స్టిక్కులో వరసగా పేర్చిన చేతులు. ఇప్పటికీ ఊరికే కూర్చుంటే బొటనవేలు, చూపుడువేలు దేన్నో పట్టుకున్నట్టు ఆడుతుంటాయి. డెబ్భై నాలుగేళ్ళ వయసులో ఆయన సరదా ఒక్కటే, ప్రెస్ అకాడమీ వాళ్ళు స్కాన్ చేసి నెట్‌లో పెట్టిన పాత ఆంధ్రపత్రికలు చదవడం. వార్తలకంటే ప్రకటనలే ఎక్కువ చదువుతారు. "అందరూ ఈ నాలుగు వీధుల్లోనే ఉన్నారమ్మా" అంటూ తంబుచెట్టి వీధి, చైనాబజారు రోడ్డు, ఎస్ప్లనేడు, పోఫమ్స్ బ్రాడ్‌వే అని అడ్రసులు నోటుబుక్కులో ఎక్కించుకున్నారు. ఒక్కసారి ఆ వీధులు చూడాలన్నారు. మా ఆయనకేమో మహాబలిపురం వెళ్దామని. రెండు ఓట్లతో జార్జిటౌను గెలిచింది గానీ, ఆయన మొహం మాత్రం ఉన్నన్నాళ్ళూ మహాబలిపురం వైపే ఉంది.

పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో వెళ్ళాం, ప్రయాణం హాయిగా జరిగింది. సెంట్రల్ ఎదుట లాడ్జి, ముగ్గురికి రోజుకు రూ.1,650. వేడినీళ్ళు ఏడు నుంచి తొమ్మిది వరకే, అదీ ముందు లేచినవాళ్ళ అదృష్టం.

దిగిన సాయంత్రమే ఒక పెద్ద గ్రంథాలయానికి వెళ్ళాం. పాత తెలుగు పత్రికలు చూడాలంటే కౌంటర్లో ఆయన "ఏ యూనివర్సిటీ?" అనడిగాడు. "యూనివర్సిటీ కాదండీ, కంపోజిటర్ని" అన్నారు మావయ్య. లెటరు లేకుండా కుదరదని, తలెత్తకుండానే చెప్పేశాడు. మీరు వెళ్ళేట్టయితే ఏ కాగితం కావాలో ముందే ఫోన్ చేసి కనుక్కోండి. మాకు ఆటోకి రూ.220, ఒక సాయంత్రం దండగ.

శుక్రవారం పొద్దున్నే బయల్దేరాం. సెంట్రల్ నుంచి హైకోర్టుకు మెట్రోలో ఒకే స్టేషను, టికెట్ పది రూపాయలు. అదే దూరానికి లాడ్జి ముందు ఆటోవాడు నూట యాభై అన్నాడు. ఇంకో సంగతి. నోటుబుక్కులో పేర్లు అడిగితే కుర్రవాళ్ళెవరికీ తెలియవు. చైనాబజారు రోడ్డు ఇప్పుడు ఎన్.ఎస్.సి. బోస్ రోడ్డు, ఫస్ట్‌లైన్ బీచ్ రాజాజీ సాలై. ఈ రెండూ తెలిస్తే మిగతావి కాళ్ళే చెబుతాయి.

హైకోర్టు ప్రహరీకి తూర్పువైపు ఒక రాతిపలక ఉంది. పక్కనుంచి రోజూ వేలమంది పోతుంటారు, ఆగేవాళ్ళు లేరు. 1914 సెప్టెంబరు 22 రాత్రి జర్మన్ యుద్ధనౌక ఎండెన్ సముద్రంలోంచి గుండ్లు పేల్చి బర్మా ఆయిల్ కంపెనీ ట్యాంకులు తగలబెట్టింది, ఒక గుండు ఇక్కడిదాకా వచ్చింది. మావయ్య వెంటనే సంచిలోంచి కాగితాలు తీశారు. బొంబాయిలో 1908లో వారపత్రికగా పుట్టిన ఆంధ్రపత్రిక మద్రాసు వచ్చి దినపత్రికయింది అదే 1914లో, ఏప్రిల్ 1న. అంటే పత్రికకు నిండా ఆరు నెలలు లేవు, వీధి చివర యుద్ధం. "ఆ రాత్రి కంపోజింగులో ఎవడున్నాడో పాపం! చెయ్యి వణికితే వరసంతా జారిపోతుంది" అన్నారు. వేలమంది పెట్టేబేడా సర్దుకుని ఊరు వదిలి పారిపోయిన రోజులవి. ఆయనకు మాత్రం కేసు ముందు నిలబడ్డ ఆ ఒక్కడి మీదే బెంగ.

ప్యారిస్ కార్నర్లో రోడ్డు దాటడం పెద్ద పరీక్ష. 1928 ఫిబ్రవరి 3న, సైమన్ కమిషన్ హర్తాళ్ నాడు, కాల్పుల్లో పోయిన మనిషిని చూడనివ్వని పోలీసుల ముందు ప్రకాశం పంతులుగారు రొమ్ము చూపింది ఈ చుట్టుపక్కలే. ఆయన కూడా పత్రిక పెట్టిన మనిషే, 1921లో స్వరాజ్య. పోఫమ్స్ బ్రాడ్‌వేకి ఇప్పుడు ప్రకాశం సాలై అని పేరు. బస్సు కండక్టరు మాత్రం "బ్రాడ్‌వే, బ్రాడ్‌వే" అనే అరుస్తున్నాడు.

తంబుచెట్టి వీధి దగ్గర మావయ్య చొక్కా సర్దుకున్నారు, పెళ్ళివారింటికి వెళ్తున్నట్టు. వీధి నిండా కొరియర్ ఆఫీసులు, కస్టమ్స్ క్లియరింగు ఏజెంట్లు, మూటల బళ్ళు. ప్రతి గుమ్మానికీ పాత నంబరొకటి, కొత్త నంబరొకటి, ఆ రెండూ కాకుండా మావయ్య నోటుబుక్కు నంబరు ఇంకొకటి. ఆంధ్రపత్రిక ఆఫీసు కోసం గంటన్నర తిరిగాం. టీకొట్టు పెద్దాయన్ని నాకొచ్చిన తమిళంలో, "అమృతాంజనం నాగేశ్వరరావు పంతులుగారి పత్రికాఫీసు ఎక్కడ ఉండేదండీ" అనడిగితే, అమృతాంజనం అన్నమాట ఒక్కటే పట్టుకుని మందుల షాపు చూపించాడు. మా ఆయన ఆ రోజు మొదటిసారి నవ్వారు. పొరపాటైనా సగం నిజమే కదా. 1893లో మొదలుపెట్టిన ఆ తలనొప్పి మందు లాభాలే పత్రికను చాలాకాలం మోశాయి.

ఆఫీసు దొరకలేదు. పక్కవీధిలో, అర్మేనియన్ స్ట్రీట్‌లో, 1772 నాటి అర్మేనియన్ చర్చి చూశాం. ప్రపంచంలో మొట్టమొదటి అర్మేనియన్ పత్రిక వెలువడింది ఈ మద్రాసులోనే, 1794లో. ఆ లిపికి సీసం అక్షరాలు ఎవరు పోశారు, ఎన్ని కేసులు కావాలి అని మావయ్య చాలాసేపు ఆలోచించారు.

ఇక తిండి. మధ్యాహ్నం మెస్‌లో భోజనం గురించి చెప్పడానికేం లేదు, రూ.140. సాయంత్రం బీచ్ స్టేషను ఎదుట బర్మా వాళ్ళ అత్తో బళ్ళు పెడతారు. 1960లలో బర్మా వదిలి తిరిగొచ్చిన తమిళుల తిండి. ఎర్రటి నూడుల్సు, సన్నగా తరిగిన క్యాబేజీ, ఉల్లిపాయ, వేయించిన వెల్లుల్లి నూనె, చింతపండు పులుసు, కారం, అన్నీ బేసిన్లో వేసి చేత్తో ఫటఫటా కలిపి పెడతాడు. పక్కన అరటిదూట సూపు ఎంత అడిగితే అంత. ప్లేటు రూ.80. చూడగానే మా ఆయన "ఇది తినేదేనా" అన్నారు, రెండో ప్లేటు ఆయనే చెప్పారు. మావయ్య సూపు తాగుతూ, వాళ్ళ అమ్మమ్మ అన్నగారు కాకినాడలో ఓడెక్కి రంగం వెళ్ళారనీ, మళ్ళీ రాలేదనీ చెప్పారు. రంగూన్ని మన పెద్దవాళ్ళు అలాగే అనేవారు. పెళ్ళయి ఇన్నేళ్ళకు ఈ సంగతి నేను మొదటిసారి విన్నాను.

అంత మంచి సాయంత్రాన్ని నేనే చెడగొట్టుకున్నాను. ఇప్పుడు సబర్బన్ రైళ్ళ స్టేషను ఉన్నచోట ఒకప్పుడు మూర్ మార్కెట్ ఉండేది, 1985లో కాలిపోయింది. ఆ మార్కెట్టు పేరు చెప్పుకుని బతికేవాళ్ళు ఊరంతా ఉన్నారు. సెంట్రల్‌కి కాస్త ఇవతల ఒక పాతసామాన్ల షాపులో, "మా తాతగారి మూర్ మార్కెట్ సరుకు" అంటూ 1947 ఆగస్టు 15 నాటి ఇంగ్లీషు పేపరు చూపించాడు. చెప్పింది 3,500, బేరమాడితే 1,800. కవరు విప్పితే గాలికి పొడైపోతుందన్నాడు. మావయ్య పక్క హోటల్లో కాఫీ తాగుతున్నారు. చెప్పకుండా ఇద్దామని కొనేశాను.

రాత్రి లాడ్జిలో కవరు విప్పి చేతిలో పెట్టాను. ఆయన మొదట చదవలేదు, తిరగేసి వెనకవైపు వేలితో తడిమారు. సీసం అక్షరం కాగితాన్ని నొక్కుతుంది, ఆ నొక్కు వేలికి తెలియాలట. ఇది నున్నగా ఉంది. తర్వాత ట్యూబులైటు కింద పెట్టి భూతద్దం నాకిచ్చారు. అక్షరాల అంచుల్లో సన్నటి చుక్కలు. పేజీ మధ్యలో బూడిదరంగు మడత గీత ఉంది గానీ కాగితం మడత దానికి అంగుళం పక్కన ఉంది. మూలన టీ మరక కూడా అచ్చే. అసలు పేపరుకు ఎప్పుడో పడ్డ మరకను ఫొటో తీసి నాకు అమ్మాడు! పాత న్యూస్‌ప్రింట్ అంచుల నుంచి లోపలికి పండుతుంది, మడిస్తే పెళుక్కుమంటుంది. ఇది పేజీ అంతా ఒకేలా గోధుమరంగు, ఎన్ని మడతలు పెట్టినా ఏమీ కాలేదు.

"ఎంతిచ్చావమ్మా?"

"మూడొందలు, మావయ్యా."

"అయితే పర్లేదు" అన్నారు. మా ఆయన అటు తిరిగి పడుకున్నారు, పర్సు ఆయనదే.

మర్నాడు పదిన్నరకే షాపు ముందున్నాం. మా ఆయన మొత్తం కోపం ఆ షాపు మీద తీర్చుకున్నారు. నేనైతే ఆ అవకాశం ఇచ్చినందుకు కాస్త సంతోషించాను కూడా. షాపువాడు చెక్కుచెదరలేదు. బిల్లులో "ఓల్డ్ పేపర్ - 1" అని ఉంది, ఒరిజినల్ అని ఎక్కడుంది అన్నాడు. డబ్బు తిరిగివ్వడు, కావాలంటే షాపులో ఏదైనా మూడొందల వస్తువు తీసుకోమన్నాడు. మూడొందలన్న అంకె వినగానే మావయ్య నావైపు చూశారు. నేను ఫ్యాను వైపు చూశాను.

గొడవ ఇంకా నడుస్తుండగా చూస్తే మావయ్య పక్కన లేరు. వెనక గదిలో ఒక తుప్పుపట్టిన ట్రంకుపెట్టె మూత ఎత్తి, తల లోపల పెట్టి ఉన్నారు. పెట్టె లోపలంతా తెలుగు పేపరు అంటించి ఉంది. పేరు లేదు, తేదీ చిరిగిపోయింది. బియ్యం ధరలు, ఒక పెళ్ళిసంబంధం, పళ్ళపొడి ప్రకటన. ఆయన లోపలినుంచే పైకి చదువుతున్నారు, గొంతు డబ్బాలోంచి వచ్చినట్టు. పెట్టె ఎంతని అడిగితే 1,400. మావయ్య రెండో కాలమ్‌కి వచ్చేసరికి 2,000. తల బయటపెట్టేసరికి 2,600. రెండు దాటితే పినాకిని. వదిలేసి వచ్చాం.

గూడూరు దాటాక పులిహోర పొట్లాలు విప్పాం. కింద పరుచుకోవడానికి మా ఆయన ఏమీ మాట్లాడకుండా ఆ 1,800 పేపరు తీశారు.

"పెట్టెలో దానికి అరసున్నలు కూడా ఉన్నాయమ్మా" అన్నారు మావయ్య ముద్ద కలుపుతూ. కాసేపటికి పొట్లం ఎత్తి కింద చూసి, "ఇది మాత్రం గట్టి కాగితమే. నూనె ఒక్క చుక్క పీల్చలేదు చూడు" అన్నారు.