చేతికి ముందే తెలుసు: క్వెస్ట్ 2లో ‘ఫస్ట్ స్టెప్స్’

కళ్ళకు తగిలించుకుంటే కల్పిత లోకాన్ని చుట్టూ చూపే వర్చువల్ రియాలిటీ పరికరం, 2020 అక్టోబరులో విడుదలైన క్వెస్ట్ 2 హెడ్‌సెట్‌లో ఉచితంగా లభించే ‘ఫస్ట్ స్టెప్స్’, కొత్తవారికి ఆ పరికరాన్ని అలవాటు చేసే చిన్న అప్లికేషన్. అందులో ఒక బల్ల మీద దిమ్మెలు, కాగితపు విమానాలు ఉంటాయి, పక్కనే తాడుకు వేలాడే బంతి ఉంటుంది. వాటితో ఏం చేయాలో మన ఒంటికి ముందే తెలుసునన్న నమ్మకం మీదే దీన్ని రూపొందించారు.

ఆ నమ్మకం చాలావరకు నెగ్గింది. మా అన్నయ్యగారి పదకొండేళ్ళ అమ్మాయి విమానం చేతికి అందగానే మోచేతిని వెనక్కి లాగి, మణికట్టును మెత్తగా విదిలించి వదిలింది. ఇంజనీరుగా పనిచేసి రిటైరైన మా బాబాయిగారు మాత్రం ఏ బటన్ ఎందుకో ముందు అడిగి తెలుసుకుని, చేయి కదపకుండా బొటనవేలితోనే దాన్ని ఎగరేయాలని చూశారు. “బటన్ల సంగతి వదిలేసి మామూలుగా విసరండి బాబాయ్” అన్నాక ఆయన విసురూ చక్కగానే కుదిరింది.

మనస్తత్వ పరిశోధకులు క్రిస్ట్, ఫీబర్గ్, విల్కెనింగ్ 1993లో ప్రచురించిన అధ్యయనం ఇక్కడ గుర్తుకొస్తుంది. నేల మీద అంతే దూరంలో ఉన్న గురికి బంతిని ఎంత ఎత్తు నుంచి విసిరితే అంత తక్కువ వేగం చాలు. కానీ వేగాన్ని అంచనా వేయమంటే చాలామంది పిల్లలు ఈ లెక్కలో పొరబడ్డారు, అదే బంతిని చేత్తో విసిరినప్పుడు మాత్రం వేగాన్ని సరిగ్గానే తగ్గించారు. ఈ అప్లికేషన్ ఆ రెండో రకం తెలివిని నేరుగా పలకరిస్తుంది, అదే దీని గొప్ప.

అయితే బరువు దగ్గర ఈ తరహా పరికరాలన్నీ తేలిపోతాయి. దిమ్మె పట్టుకున్నా కాగితం పట్టుకున్నా అరచేతిలో ఉండేది అదే కంట్రోలర్. వేళ్ళకు బరువు తెలియనప్పుడు చేతి ఊపు ఎంత ఉండాలో అనుభవం చెప్పలేదు, పైగా వస్తువు వదలాల్సిన క్షణాన్ని మధ్యవేలి కింది బటన్ నిర్ణయిస్తుంది.

హెడ్‌సెట్‌లోని రెండు కటకాల మధ్య దూరానికి 58, 63, 68 మిల్లీమీటర్ల అమరికలు మూడే ఉన్నాయి కనుక, కళ్ళు దగ్గరగా ఉండే పిల్లలకు దృశ్యం స్పష్టంగా కుదిరిందో లేదో అడిగి చూడాలి. పదేళ్ళు నిండనివారికి ఇవ్వకూడదు. 2023లో దీని తయారీ సంస్థ మెటా కనీస వయసును 13 నుంచి 10కి తగ్గించినా, 10 నుంచి 12 ఏళ్ళవారి ఖాతా తల్లిదండ్రుల అదుపులోనే నడవాలి. పెద్దలకు ఇచ్చేటప్పుడు పక్కన ఒకరు నిలబడడం మంచిది: లేని బల్ల మీద చేయి ఆన్చబోయింది అమ్మాయి కాదు, బాబాయిగారే.