ఇంటి కింద ఆరేళ్లు: డీహ్యూమిడిఫయర్‌తో కాదు, దాని పక్కనున్న డబ్బాతోనే నా పేచీ

ముందే చెప్పేస్తున్నా. మా ఇంటి నేల కిందుండే క్రాల్ స్పేస్‌లో పురుగుల బెడద తగ్గించింది మందు కాదు, గాలిలో తేమని నీళ్లుగా పిండే మిషను, డీహ్యూమిడిఫయర్. ఆ డీహ్యూమిడిఫయర్ పరువు తీసింది దాని పక్కనే ఇటుక మీద కూర్చున్న ఒక తెల్ల ప్లాస్టిక్ డబ్బా. మిషను పిండిన నీళ్లను బయటికి తోసే చిన్న పంపు అది. 60 డాలర్ల సరుకు. 11 వేల డాలర్లు పోసి చేయించిన పనంతా దాని దయ మీద నడుస్తుందని సంతకం పెట్టేరోజు నాకెవరూ చెప్పలేదు.

మాది అమెరికాలో నార్త్ కరోలినా రాష్ట్రం, ర్యాలీ నగరం పక్కనున్న కేరీ. 1998లో కట్టిన ఇల్లు, మేం 2017లో కొన్నాం. క్రాల్ స్పేస్ ఇళ్లలో ఉండేవాళ్లకు అదేమిటో నేను చెప్పక్కర్లేదు. లేనివాళ్ల కోసం ఒక్క ముక్క: కింద మట్టికీ పైన నేలని మోసే చెక్క దూలాలకీ మధ్య మూడడుగుల ఖాళీ. లోపలికి వెళ్లాలంటే పాకాల్సిందే. మా అమ్మ తెనాలి నుంచి వచ్చినప్పుడు దానికి ‘ఇంటి పొట్ట’ అని పేరు పెట్టింది. పొట్టలో తేడా చేస్తే మొహంలో తెలిసినట్టు, అక్కడ తేడా చేస్తే పైన తెలుస్తుందట. తెలిసింది కూడా.

తెలియజేసినవి గూని మిడతలు. ఇక్కడ క్యామెల్ క్రికెట్ అంటారు. గోధుమరంగు, వంగిన వీపు, సాలీడు కాళ్లలాంటి పొడుగు కాళ్లు. రెక్కలు లేవు కాబట్టి అరవవు. “మన ఇలకోళ్లు కనీసం అరిచి మేమున్నామని చెబుతాయిరా, ఇది మూగది” అని అమ్మ తీర్పు. కొట్టబోతే పారిపోవు, మన మీదికే దూకుతాయి. మా ర్యాలీలోనే ఉన్న నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీ వాళ్లు జనాన్ని అడిగి ఫోటోలూ పురుగులూ తెప్పించుకుని 2014లో తేల్చిన సంగతేమిటంటే, ఈ తూర్పు రాష్ట్రాల ఇళ్లలో కనిపించే గూని మిడతల్లో ఎక్కువ భాగం ఇక్కడివి కావు, ఆసియా నుంచి వచ్చి స్థిరపడ్డవి. మనలాగే అన్నమాట. వాటికి వీసా టెన్షన్ లేదు, అంతే తేడా.

2018 వరలక్ష్మీ వ్రతం రోజు సంగతి మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. పూజ గది పక్కనే లాండ్రీ రూమ్, పైపులు కిందికి దిగేచోట నేలలో చిన్న సందు. ఎనిమిదిమంది ఆడవాళ్లు అక్షింతలు పట్టుకుని కథ వింటున్నారు. కలశం వెనక నుంచి ఒకటి గెంతి పూర్ణం బూరెల పళ్లెంలో పడింది, అక్కణ్ణుంచి ఒకావిడ పట్టుచీర మీదికి. కథ అక్కడితో ఆగిపోయింది. వచ్చినవాళ్లంతా వాయనాలు నిలబడే పుచ్చుకున్నారు. ఆ రాత్రి మా ఆవిడ గిన్నెలు కడుగుతూ, తల తిప్పకుండా, “దీని సంగతి చూస్తారా, నన్ను చూసుకోమంటారా?” అంది.

అప్పటికే మూడు నెలలకోసారి మందు కొట్టించుకుంటున్నాం. వచ్చే పెద్దాయన నిజాయితీపరుడు. వ్రతం ముచ్చట చెబితే నవ్వి, నా చేతికో టార్చి ఇచ్చి కిందికి తీసుకెళ్లాడు. దూలాల మధ్య వేలాడుతున్న ఇన్సులేషన్ పట్టుకుని పిండితే నీళ్లు కారాయి. ఏసీ గొట్టాలు చల్లటి మజ్జిగ గ్లాసుకు చెమట పట్టినట్టు బొట్లు బొట్లుగా కారుతున్నాయి. “ఎండాకాలం బయటి ఉక్క గాలి ఈ గోడల్లోని గాలి కిటికీల్లోంచి లోపలికి వస్తుంది, చల్లటి చోట నీరవుతుంది. తేమకి బూజు, బూజు తినడానికి ఇవి. నేను పైన మందు కొడుతూ ఉంటా, నువ్వు కింద పెంచుతూ ఉంటావు” అన్నాడు. తన వ్యాపారం దెబ్బతినే మాట ఊరికే చెప్పిన మనిషి, అందుకే నమ్మాను.

2019 వసంతంలో పని చేయించాం. గాలి కిటికీలు మూసి, నేలంతా మందపాటి ప్లాస్టిక్ షీటు పరిచి, గోడల మీదికి ఎక్కించి, మిషను పెట్టారు. షీటు ఎన్ని మిల్, మిషను ఎన్ని పింట్లు అన్న లెక్కలు ఏ కొటేషన్‌లోనైనా ఉంటాయి, నేను రాయను. నాకు నచ్చిన లెక్క వేరే. పురుగులు అంటుకునే జిగురు అట్టలు నాలుగు మూలలా పెట్టి వారానికోసారి లెక్కపెట్టేవాణ్ణి. పని చేయించకముందు ఆగస్టులో ఒక వారం 41 మిడతలు. పని అయిన ఏడాది ఆగస్టులో 6. మరుసటి ఏడాది ఒకటి, అదీ కుంటిది. ముక్కిన బియ్యం సంచి విప్పినట్టుండే వాసన పోయింది. తేమ మీటరు 88 శాతం నుంచి 52కి దిగింది. తేమ 60 లోపు ఉంటే బూజు పట్టదంటారు. మా ఇంట్లో అది నిజమే అయింది.

ఆ ఊపులో నేను కనిపించిన ప్రతి తెలుగువాడికీ చేయించుకోమని చెప్పాను. “ఇక పెస్ట్ కంట్రోల్‌కి సెలవు” అని కూడా అన్నాను. ఆ మాట ఇప్పుడు కొంచెం వెనక్కి తీసుకోవాలి, దాని దగ్గరికి వస్తా.

2022 జూన్‌లో ఐదు వారాలు ఊరెళ్లాం. తిరిగొచ్చింది రాత్రి పదకొండింటికి. తలుపు తీయగానే ఆ పాత వాసన. మా ఆవిడ సూట్‌కేసు గుమ్మంలోనే వదిలి నా మొహం చూసింది. వంటింట్లో ఉన్న మీటరు 84 చూపిస్తోంది. ఆ మీటరు మంచిదే, కింద పెట్టిన సెన్సర్ నుంచి అంకె తెచ్చి చూపిస్తుంది. ఆ అంకె ఫోనుకు రాదు, వంటింట్లో నిలబడినవాడికే కనిపిస్తుంది. మేం తెనాలిలో తాటి ముంజలు తింటున్నప్పుడు అది ఖాళీ వంటింట్లో ఎన్ని రోజులు అరిచి గీపెట్టిందో.

నిద్ర పట్టే రాత్రి కాదు ఎలాగూ. తెల్లవారుజామున హెడ్‌ల్యాంప్ కట్టుకుని బయల్దేరాను. “నీళ్లుంటే షాక్ కొడుతుంది, బ్రేకర్ ఆపి దిగండి” అని మా ఆవిడ పైనుంచి కేక. ముందు కాస్త చూసి వద్దామని చిన్న తలుపు తీశాను. లోపలి గోడ మీద మిడతలు బారుగా, పెళ్లి విడిదిలో చెప్పులు విడిచినట్టు. మిషను మాత్రం హాయిగా తిరుగుతోంది. పంపు దగ్గర చప్పుడు లేదు. డబ్బా అంచు మీదుగా నీళ్లు సన్నగా, నిదానంగా షీటు మీదికి జారుతున్నాయి. లోతట్టు మూలలో రెండంగుళాల నీళ్లు నిలిచి నా లైటు అందులో మెరిసింది.

వెనక్కి వచ్చి బ్రేకర్ ఆపి, టీ తాగి, అప్పుడు దిగాను. టీ తాగుతుంటే అర్థమైంది. మట్టిలోంచి తేమ పైకి రాకుండా పరిచిన షీటు, పైన పడ్డ నీళ్లను కూడా కిందికి పోనివ్వదు. మిషను గాలిలోంచి నీళ్లు పిండుతుంది, అవి పొంగి షీటు మీద పడతాయి, మళ్లీ ఆవిరై గాలిలో కలుస్తాయి, మిషను మళ్లీ పిండుతుంది. ఐదు వారాల్లో ఎన్నాళ్లు చేసిందో గానీ, దున్నిన చేనే దున్నింది. ఆ నెల కరెంటు బిల్లు నేను మా ఆవిడకు చూపించలేదు.

డబ్బా మూత విప్పితే లోపల సగ్గుబియ్యం జావలాంటి తెల్లటి జిగురు. ఎప్పుడూ తడిగా, చీకటిగా ఉంటుంది కదా, పట్టేస్తుంది. నీళ్లు పెరిగితే తేలి పంపును ఆన్ చేసే బెండు ఆ జిగురులో ఇరుక్కుపోయింది. తీసి వేలితో కదిపితే టక్కున లేచింది. పావు గంట పని. దానికోసం దూలాలకు తెల్లగా బూజు పట్టింది, నీళ్లు పీల్చే షాప్ వ్యాక్‌తో తొమ్మిది ట్రిప్పులు నీళ్లు మోశాను, మోకాళ్లు వారం రోజులు సహకరించలేదు.

అయినా నా కోపం జిగురు మీద కాదు. డబ్బా వెనక రెండు సన్నటి తీగలు చుట్ట చుట్టి నల్ల టేపు వేసి ఉన్నాయి. అవెందుకో చూద్దామని పంపు మాన్యువల్ తీశాను. పంపు పనిచేయక నీళ్లు మరీ పైకి వస్తే మిషనును ఆపేసే రక్షణ స్విచ్చు తీగలట. వాటిని డీహ్యూమిడిఫయర్‌కి కలపాలి. బిగించినవాళ్లు కలపలేదు. పది నిమిషాల పని. కలిపి ఉంటే మిషను ఆగేది, తేమ కాస్త పెరిగేది, అంతేగాని చెరువు మాత్రం తయారయ్యేది కాదు. ఫోన్ చేస్తే “మాకు అది స్టాండర్డ్ కాదండీ, అడిగితే చేస్తాం” అన్నారు. ఉందని తెలియనిదాన్ని ఎలా అడుగుతానో వాళ్లే చెప్పాలి. చివరికి నేనే కలుపుకున్నా. ఇప్పుడు మూడు నెలలకోసారి డబ్బాలో గోరువెచ్చటి నీళ్లూ కాస్త వెనిగరూ పోసి కడుగుతాను. వారానికోసారి వాకిట్లో పంపు నీళ్లు వదిలే గొట్టం చివర తడిగా ఉందో లేదో చూస్తాను. వేసవిలో అక్కడి గడ్డి పచ్చగా ఉంటే కింద అంతా బాగున్నట్టే.

బూజు తుడిపించాక మిడతలు మళ్లీ నెలన్నరలో పోయాయి. ఆ విషయంలో మిషనుకు నా ఓటు మారలేదు.

ఇక వెనక్కి తీసుకోవాల్సిన మాట. తేమ తగ్గితే మిడతలు, జెర్రులు, తేమకోసం వచ్చే బొద్దింకలు తగ్గుతాయి. చెదలు తగ్గుతాయని నేను అనుకున్నది నా తెలివితక్కువతనం. ఇక్కడి చెదలు మట్టిలోంచి, తమ తేమ తామే తెచ్చుకుంటూ, పెన్సిలంత లావు మట్టి గొట్టాలు కట్టుకుని గోడెక్కుతాయి. పైన గాలి ఎంత పొడిగా ఉన్నా వాటికి లెక్కలేదు. అందుకే ఈ రాష్ట్రంలో గోడకు వేసే షీటు పైన, చెక్క మొదలయ్యేలోపు, మూడంగుళాల పట్టీ ఖాళీగా వదలాలని రూలు, గొట్టాలు కట్టుకుంటూ వస్తే కనబడాలని. మాకు షీటు వేసినవాళ్లు మూడు గోడలకు వదిలి, నాలుగో గోడకు పైదాకా అంటించారు. ఏటా చెదలు చూడ్డానికి వచ్చే ఇన్‌స్పెక్టర్ పట్టుకుని కోయించాడు. వెనక పాత ఎండిన గొట్టం ఒకటి ఉంది, లోపల ఏమీ లేవు. అదృష్టం. చెదల కాంట్రాక్టు మాత్రం నేను మానలేదు, మీరూ మానకండి.

చుంచెలుకలకూ తేమతో పని లేదు. పెన్సిలు దూరే కంత చాలు. చలికాలం మొదట్లో ఏసీ గొట్టం పక్క సందులోంచి వచ్చాయి. స్టీల్ పీచు కూరి, పావు అంగుళం కన్నాల ఇనుప జల్లెడ బిగించాక మళ్లీ రాలేదు.

జిగురు అట్టలు కూడా ఇప్పుడు తీసేశాను. ఒకరోజు నీలం తోకతో మెరిసిపోతున్న చిన్న బల్లి ఒకటి అట్టకు అంటుకుని ఉంది, బొమ్మ దించినట్టు కదలకుండా. కన్ను మాత్రం నా వైపు తిరిగింది. దూదితో వంటనూనె రాసి ఒక్కొక్క కాలూ విడదీయడానికి ఇరవై నిమిషాలు పట్టింది. తోక ఊడుతుందేమోనని ఊపిరి బిగబట్టాను, ఊడలేదు. ఫోన్‌లో అమ్మకు చెబితే “ఈసారి వచ్చినప్పుడు కంచి వెళ్లి బంగారు బల్లిని ముట్టుకుని రా” అంది. పురుగుల లెక్క అప్పటి నుంచి కంటితోనే.

కరెంటు సంగతి ఒకటి. మా రాష్ట్రంలోనే ప్రిన్స్‌విల్ ఊళ్లో 12 ఇళ్ల మీద చేసిన పరిశీలనలో మూసేసిన క్రాల్ స్పేస్ ఇళ్లకు ఏసీ, హీటింగ్ ఖర్చు 15 శాతానికి పైగా తగ్గిందని చదివే నేను సంతకం పెట్టాను. మా ఇంట్లో అంత కనబడలేదు. మిగిలిందాంట్లో మిషనే కొంత తాగేస్తుంది. చలికాలం నేల మాత్రం కాళ్లకు చల్లగా తగలడం లేదు, అమ్మకు అదే పెద్ద లాభం.

మీకు చేయించుకోమని చెబుతానా? మా స్థలం పల్లంలో ఉంది, కింద ఎర్ర బంకమట్టి, పెరటి వాన నీళ్లన్నీ ఇంటివైపే వస్తాయి. కాబట్టి మాకు మరో దారి లేదు. మీ ఇల్లు మెరక మీద ఉంటే ముందు చూరు గట్టర్ల నీళ్లు ఇంటికి దూరంగా మళ్లించి, మట్టి మీద మామూలు షీటు పరిచి ఒక ఎండాకాలం మీటరు చూడండి. 11 వేలు మిగిలితే మిగిలినట్టే. నీళ్లు వాటంతటవే బయటికి పోయే వాలు ఉంటే పంపు జోలికే పోవద్దు. పంపు తప్పదంటే ఆ రెండు తీగలు కలిపారని కళ్లారా చూసి చెక్కు ఇవ్వండి. నాకైతే నలభై ఏడేళ్లు, ఇంకా పాకగలను. అరవై దాటాక ఈ డబ్బా ఎవరు కడుగుతారో ఇంకా ఆలోచించలేదు.

ఈ జూన్‌లో మళ్లీ ఊరెళ్తున్నాం. ఫోనుకు అంకె పంపే కొత్త మీటరు కొన్నాను, కానీ కింద వైఫై సరిగా అందడం లేదు. అందుకని రెండు వీధుల అవతల ఉన్న తమ్ముడికి తాళం ఇచ్చాను. రోజు విడిచి రోజు వంటింట్లోకి వచ్చి అంకె చూసి ఒక ఫోటో పెట్టాలి. అరవై దాటితే నాకు ఫోన్ చేయాలి, తను కిందికి దిగకూడదు. “అన్నా, నాకేంటి?” అన్నాడు. రెండు కిలోల మాగాయకు ఒప్పందం కుదిరింది.