రిటైరయ్యాక దంపతులుగా విదేశీ మిషన్: వెళ్లేటట్టయితే 18 నెలలకు వెళ్లండి

మేమిద్దరం మిషన్ (అంటే చర్చి తరఫున సేవకు వెళ్లడం) నుంచి తిరిగొచ్చిన దగ్గర్నుంచి మా వయసువాళ్లు అడిగేది ఒకటే: ఎలా ఉంది, మేం కూడా వెళ్లొచ్చా అని. ఫోన్లో ఒక్కొక్కరికీ సగం సగం చెప్పే బదులు మొత్తం ఇక్కడ రాస్తున్నాను. యేసు క్రీస్తు యొక్క కడవరి-దిన పరిశుద్ధుల సంఘము తరఫున సీనియర్ మిషనరీ దంపతులుగా, మానవతా సాయం పని మీద 18 నెలలు వేరే దేశంలో ఉండి వచ్చాం. వెళ్లమనే చెప్తాను, గట్టిగానే చెప్తాను. కాకపోతే ఆరు నెలలకైతే వద్దు. ఎందుకో చెప్పడానికే ఇదంతా.

మిషనరీ అనగానే చాలామందికి గుర్తొచ్చేది తెల్ల చొక్కా, జేబు మీద నేమ్‌ట్యాగ్, ఇద్దరిద్దరుగా ఇంటింటికీ తిరిగే కుర్రాళ్లు. పెద్దవాళ్ల పద్ధతి వేరు. దంపతులకు అక్కడ విడిగా ఇల్లుంటుంది, రోజు ఎలా గడపాలన్నది చాలావరకు వాళ్ల చేతిలోనే ఉంటుంది, పిల్లలతో మనవలతో వీడియో కాల్ మాట్లాడుకోవచ్చు. మానవతా సాయం మీద వెళ్లినవాళ్లకు మత ప్రచారం పని కాదు, సాయం తీసుకునే మనిషిది ఏ మతమని అడగడం ఉండదు. నాకు అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి ఇదే. ఒకచేత్తో ఇచ్చి ఇంకోచేత్తో ఏదో ఆశించే పనైతే నేను అసలు బయల్దేరేదాన్ని కాదు.

ఖర్చు మనదే, జీతం లాంటిదేమీ ఉండదు. ఒకప్పుడు విదేశం వెళ్లే దంపతులు 18 నెలలు ఉండాల్సిందే. 2011లో నిబంధనలు సడలించి 6, 12 నెలలకు కూడా వెళ్లొచ్చన్నారు. ఇంటి అద్దెలో మన వాటాకు ఒక పరిమితి పెట్టింది కూడా అప్పుడే. మెడికల్ టెస్టులు, పళ్ల డాక్టరు సర్టిఫికెట్, వీసా, వీటికి పట్టే టైమ్ ముందే లెక్కేసుకోండి. బీపీ, షుగర్ మందులు వాడేవాళ్లు అవే మందులు అక్కడ ఏ పేరుతో దొరుకుతాయో రాయించుకుని వెళ్లండి.

ఇక అసలు పని. మేం ఎక్కువగా చూసింది వీల్‌చైర్లు. వెళ్లకముందు నేను అనుకున్నది కుర్చీలు వస్తాయి, పేర్లు పిలుస్తాం, ఇచ్చేస్తాం అని. మొదటి వారంలోనే అది తప్పని తెలిసింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో వీల్‌చైర్ల మీద ఇచ్చిన మార్గదర్శకాల్లో ఎనిమిది మెట్లున్నాయి: మనిషిని గుర్తించి అపాయింట్‌మెంట్ ఇవ్వడం దగ్గర మొదలై, పరీక్షించడం, కొలతలు రాయడం, కుర్చీ తెప్పించడం, సిద్ధం చేయడం, సరిగ్గా అమర్చడం, వాడటం నేర్పడం, చివరిది మళ్లీ వెళ్లి చూసి రిపేర్లు చేయించడం. కుర్చీ ఇవ్వడమనేది ఇందులో ఒక్క ముక్క. కొలతలు తీసేది, అమర్చేది అక్కడి థెరపిస్టులే, మేం కాదు. ట్రైనింగ్‌కి హాలు చూడటం, సరుకు కోసం తిరగడం, లెక్కలు రాయడం, రిపోర్టులు పంపడం, ఊళ్లకు థెరపిస్టులను తీసుకెళ్లడం, ఇవీ మా పనులు. మా ఆయన రిటైర్డ్ ఇంజినీరు కాబట్టి స్పానర్లు, గాలి పంపు, ట్యూబులు ఉన్న పెట్టె ఎప్పుడూ కారులోనే ఉండేది.

ఒక ఇంటి సంగతి చెప్తాను. ఎనిమిదేళ్ల పాప, నడుం కింద స్పర్శ లేదు. అంతకు రెండేళ్ల ముందు ఎవరో ఒక వీల్‌చైర్ ఇచ్చారు, పెద్దవాళ్ల సైజుది. పాప అందులో కూర్చుంటే కాళ్లు గాల్లో వేలాడేవి, ఒక పక్కకి ఒరిగిపోయేది, కుషన్ లేదు. ఒరుసుకుని పిరుదు మీద పుండు పడింది. స్పర్శ లేదు కదా, పాపకు నొప్పి తెలియలేదు. స్నానం చేయిస్తుంటే వాళ్లమ్మ చూసింది. అప్పటి నుంచి పాపను చాప మీదే ఉంచి, కుర్చీ మీద బట్టల మూటలు పెట్టుకున్నారు. కొలత లేని కుర్చీ ఇస్తే జరిగేది ఇదే. నడవలేనివాళ్లకు ఇలాంటి పుండు ప్రాణం మీదికి కూడా తెస్తుంది. ఆ అమ్మ సిగ్గుపడుతూ మూటలు తీస్తుంటే నాకు ఏడుపొచ్చింది.

పుండు మానడానికి చాలా వారాలు పట్టింది, ఆ తర్వాతే కొత్త కుర్చీ. థెరపిస్ట్ ఒక పరీక్ష చేసి చూపించింది. మనిషి కుర్చీలో కూర్చున్నాక కుషన్‌కీ పిరుదు ఎముకకీ మధ్య వేళ్లు పెట్టాలి. వేలి కొసలు పైకీ కిందికీ కాస్త ఆడితే ఫరవాలేదు. ఆడకపోయినా సులువుగా బయటికి వస్తే జాగ్రత్తగా చూడాలి. నొక్కుకుపోయి బయటికి తీయడం కష్టమైతే ఆ కుషన్ పనికిరాదు. మోకాలి వెనక సీటు అంచుకు రెండు వేళ్ల సందు ఉండాలి, పాదాలు ఫుట్‌రెస్ట్ మీద పూర్తిగా ఆనాలి. వాళ్లమ్మ చేత కూడా ఆ వేళ్ల పరీక్ష మూడుసార్లు చేయించింది, రోజూ చూసుకోవాల్సింది ఆవిడే కదా.

అప్పుడే పుట్టి ఊపిరి తీసుకోని బిడ్డలకు ఊపిరి అందించే 'హెల్పింగ్ బేబీస్ బ్రీద్' శిక్షణకు కూడా కొన్నాళ్లు సాయపడ్డాం. 2010లో మొదలైన ప్రోగ్రాం అది, పుట్టిన మొదటి నిమిషంలోనే బిడ్డకు ఊపిరి అందేలా చూడటం దాని కీలకం. డాక్టర్లు, నర్సులు బొమ్మల మీద నేర్చుకుంటారు. ట్రైనింగ్ రోజు అందరూ బాగా చేశారు. నాలుగు నెలల తర్వాత ఒక ఆసుపత్రికి వెళ్లి చూస్తే బిడ్డకు ఊపిరి అందించే బ్యాగు, మాస్కు బీరువాలో పెట్టి తాళం వేసి ఉన్నాయి, తాళంచెవి ఉన్నావిడ ఆ రోజు సెలవు. ఇంచార్జి నర్సుతో కూర్చుని మాట్లాడి, అవి ప్రసూతి గదిలోనే ఉండేలా, వారానికోసారి బొమ్మ మీద ప్రాక్టీసు చేసేలా ఏర్పాటు చేయించాం. మళ్లీ వెళ్లకపోతే ఆ సంగతే తెలిసేది కాదు.

నేను 18 నెలలనడానికి కారణం ఇదే. మొదటి మూడు నాలుగు నెలలు దారులు, మనుషులు, నాలుగు మాటల భాష నేర్చుకోవడానికే పోతాయి. తర్వాత సరుకు కోసం ఎదురుచూపులు. మా మొదటి సరుకు ఓడరేవులో కాగితాల దగ్గర వారాల తరబడి ఆగిపోయి ఒకటే టెన్షన్. ఆరు నెలలకు వచ్చినవాళ్లు సరిగ్గా పని చేతికొచ్చే సమయానికి సూట్‌కేసు సర్దుకుంటారు. వాళ్లను తక్కువ చేయడం లేదు, ఇంటి పరిస్థితులు అలా ఉంటాయి. వీలున్నవాళ్ల గురించే నా మాట.

కష్టం లేదని చెప్పను. మేం అక్కడుండగానే మా అక్క పోయింది. కుటుంబంలో ఇలాంటిది జరిగితే కొద్ది రోజులు ఇంటికి వెళ్లి రావచ్చు, కానీ సమయానికి టికెట్ దొరకలేదు, ఫోన్లోనే చూశాను. అది ఇప్పటికీ లోపల అలాగే ఉంది. ఇంట్లో తల్లిదండ్రులో, బాగాలేని తోబుట్టువులో ఉన్నవాళ్లు ఈ విషయం ముందే కూర్చుని మాట్లాడుకోండి. ఇంకోటి, ఇన్నేళ్ల కాపురంలో మేం రోజంతా ఒకే పని కలిసి చేసింది లేదు. ఆయనది తొందర, నాది నిదానం. మొదటి రెండు నెలలు రిపోర్ట్ రాయడానికి కూర్చున్నప్పుడల్లా మాట మాట అనుకున్నాం. తర్వాత లెక్కలు ఆయనకు, మనుషులతో మాట్లాడటం నాకు అని పంచుకున్నాక సర్దుకుంది. ఈ పంపకం ఇంటి దగ్గరే చేసుకుని వెళ్లండి.

ఆఫీసులో పెద్ద హోదాలో చేసినవాళ్లు ఒకటి గమనించాలి. అక్కడ నిర్ణయాలు ఆ ఊరి సంస్థలవి, మనం వాళ్ల పక్కన నిలబడేవాళ్లం. మనం వచ్చేశాక కూడా వాళ్లే ఉంటారు.

ఆ పాప ఇంటికి పదహారో నెలలో చివరిసారి వెళ్లాం. కుర్చీ వాకిట్లో ఉంది, చక్రాలకు మట్టి. మా ఆయన అలవాటుగా కింద కూర్చుని బోల్టులు చూస్తూ ముందు చక్రం దగ్గర ఆగిపోయి నన్ను పిలిచారు. ఒక బోల్టు మిగతావాటిలా లేదు. బోల్టు పడిపోతే కుర్చీని సైకిల్ షాపుకి తీసుకెళ్లి వేరేది వేయించానని వాళ్లమ్మ చెప్పింది, ఎవరికీ ఫోన్ చేయకుండా, ఎవరి కోసమూ ఆగకుండా. తర్వాత తనే కుషన్ కింద చెయ్యి పెట్టి చూసి నా చెయ్యి కూడా పెట్టించింది. వేళ్లు ఆడాయి.