నెయిల్ కిట్, కోర్సు కాంబో కొనబోతున్న తల్లులకు: డబ్బులు పంపే ముందు ల్యాంపు అడాప్టర్ ఫోటో అడగండి

"పిల్లలను చూసుకుంటూనే నెలకు 40 వేలు, ఇళ్లకు వెళ్లి నెయిల్ ఆర్ట్ చేయండి, కిట్ మాదే, కోర్సు మాదే" అనే వీడియో మీ ఫోన్‌లో కూడా తిరుగుతుంటే కాస్త ఆగండి. నేను ఆగలేదు. ఒకసారి 16,500, ఇంకోసారి 2,500 పంపాను. ఇప్పుడు మిగిలింది పనికిరాని ల్యాంపు, పేర్లు లేని సీసాలు, కుడిచేతి వేళ్ల కొసల మీద ఊడుతున్న చర్మం.

పేజీ పేరు కావాలనే రాయట్లేదు. నేను చూస్తుండగానే ఆ పేరు రెండుసార్లు మారింది. ఇవాళ రాస్తే రేపు ఇంకో పేరుతో అదే వీడియో వస్తుంది. పేరు కంటే వాళ్ల పద్ధతి గుర్తుపెట్టుకుంటే మేలు.

మాది హనుమకొండ, నయీంనగర్ వైపు రెండు గదుల అద్దె ఇల్లు. పెద్దదానికి నాలుగేళ్లు, చిన్నోడికి అప్పుడు పద్నాలుగు నెలలు. పెళ్లికి ముందు ఒక పార్లర్‌లో రెండేళ్లు చేశాను కాబట్టి థ్రెడింగ్, ఫేషియల్ చేతికి వచ్చు. కానీ పార్లర్ అంటే పొద్దున పదికి పోతే రాత్రి ఎనిమిదికి ఇల్లు చేరడం. పాలు తాగే పిల్లాడితో అది కుదరదు. గోళ్ల పని అలా కాదు. ఒక బ్యాగు, స్కూటీ, గంటన్నర పని. చిన్నోడు మధ్యాహ్నం పడుకుంటే, అత్తమ్మ ఇంట్లో ఉంటే, కాజీపేట దాకా పోయి వచ్చేయొచ్చు. ఈ లెక్క తప్పని ఇప్పటికీ అనను. పెళ్లిళ్ల సీజన్‌లో మెహందీ వాళ్లను పిలిచినట్టే నెయిల్స్ వాళ్లను కూడా ఇంటికే రమ్మంటున్నారు. నేను మోసపోయింది పని ఎంచుకోవడంలో కాదు, సామాను కొనడంలో.

వీడియో కింద నంబర్ పెట్టగానే ఫోన్ వచ్చింది. మాట్లాడినామె నాకంటే చిన్నదే అనుకుంటా. చిన్నోడు ఏడుస్తుంటే విని, "అక్కా, బాబుకు పాలిచ్చి రండి, నేను లైన్‌లోనే ఉంటా. నాకూ ఇద్దరు పిల్లలే, నేనూ మీలాగే మొదలుపెట్టిన" అంది. ఆమెకు పిల్లలున్నారో లేదో దేవుడికే తెలియాలి గానీ, నేను పడిపోయింది ఆ మాటకే. ఆఫర్ ఆ రాత్రి 12 వరకే అన్నారు. యూపీఐ నంబర్ కొడితే పేజీ పేరు కాకుండా ఎవరో ఒక మగమనిషి పేరు వచ్చింది. "మా అకౌంటెంట్ అక్కా" అన్నారు. చిట్టి ఎత్తిన డబ్బులు, పంపేశాను. బిల్లు అడిగితే పార్సిల్‌లో వస్తుందన్నారు. అందులో బిల్లు లేదు.

పార్సిల్ వచ్చిన రోజు చిన్నోడికి 102 జ్వరం. డబ్బా తీసుకుని పిల్లలకు అందకుండా బీరువా మీద పెట్టాను. వాడికి తగ్గాక పెద్దదానికి అంటుకుంది. తొమ్మిదో రోజు గానీ డబ్బా తెరవలేదు, వీడియో తీయాలన్న సంగతి కూడా తెలియదు. సామాను వెనక్కి తీసుకోవడానికి వాళ్ల షరతులేమో ఇవి: ఏడు రోజుల్లో చెప్పాలి, డబ్బా తెరిచేటప్పుడు ఆపకుండా తీసిన వీడియో ఉండాలి. డబ్బులు పంపాక వచ్చిన పీడీఎఫ్‌లో ఎక్కడో ఆఖరున రాసి ఉందది. చిన్న పిల్లలున్న ఇంట్లో ఏడు రోజులు ఎట్లా గడుస్తాయో వాళ్లకు తెలియక కాదు. తెలిసే పెట్టారని నా అనుమానం.

లోపల జెల్‌ను వెలుగుతో గట్టిపరిచే ల్యాంపు, గోళ్లు అరగదీసే డ్రిల్, 24 రంగుల జెల్ పాలిష్ సీసాలు. ఒక్క సీసా మీదా తయారీదారు పేరు లేదు, బ్యాచ్ నంబర్ లేదు, గడువు తేదీ లేదు. మూతల మీద 1 నుంచి 24 వరకు అంకెలున్న స్టిక్కర్లు, అంతే. బేస్ కోట్, టాప్ కోట్ సీసాలు రెండూ ఒకేలా ఉన్నాయి. డ్రిల్ ఆన్ చేస్తే బిట్ తిన్నగా తిరగకుండా వణుకుతోంది. అది గోరుకు తగిలితే గాటు పడుతుంది. ఇంకో సీసాలో కృత్రిమ గోళ్లు చేయడానికి వాడే అక్రిలిక్ లిక్విడ్ అట. మూత తీయగానే రెండో గదిలోంచి అత్తమ్మ వచ్చి, "ఏందమ్మా గా వాసన, పిల్లలకు తల తిరుగుతది" అని కిటికీలు తెరిచింది. దాన్ని ఆ రోజే మూసేశాను. తర్వాత చదివి తెలుసుకున్నా. ఎంఎంఏ అనే చవక రకం లిక్విడ్ వల్ల గోళ్లు దెబ్బతింటున్నాయని 1970ల్లోనే అమెరికాలో కోర్టు దాకా పోయి సరుకు జప్తు చేశారు. నా సీసాలో ఉన్నది అదేనా అంటే, లేబుల్ లేనిదాన్ని ఎట్లా చెప్పను?

కోర్సు సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. 22 వీడియోలు, సగం వేరేవాళ్ల వీడియోల మీద తెలుగు గొంతు పెట్టినవి. సందేహాల క్లాసు రాత్రి ఎనిమిదికి, అంటే సరిగ్గా పిల్లలకు అన్నం తినిపించే టైంకి. చివర్లో సర్టిఫికెట్‌కు "వెరిఫికేషన్ ఫీజు" అని 2,500 గుంజారు. దాని మీది క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే మళ్లీ వాళ్ల ఇన్‌స్టాగ్రామ్ పేజీయే తెరుచుకుంది.

అయినా పని మొదలుపెట్టాను. సద్దుల బతుకమ్మకు నాలుగు రోజుల ముందు మా గల్లీలో డిగ్రీ చదివే అమ్మాయి పట్టుచీరకు మ్యాచింగ్‌గా మెరూన్ రంగు వేయమంది. నా మొదటి బేరం, 400 రూపాయలు. చూడటానికి చాలా బాగా వచ్చింది, ఫోటోలు కూడా తీసుకున్నాం. మూడో రోజు సాయంత్రం ఆమే మా ఇంటికి వచ్చింది. గునుగు పూలకు రంగులద్దుతుంటే రెండు గోళ్ల మీది రంగు పెచ్చులుగా ఊడిపోయిందట. ఒక పెచ్చు కాగితంలో చుట్టుకుని తెచ్చింది. పైన అద్దంలా గట్టిగా ఉంది. తిప్పి గోటితో గీకితే అడుగున మెత్తగా, అరటిపండు గుజ్జులా అంటుకుంది. ఆ అమ్మాయి ఏమీ అనలేదు. నాకే తల ఎత్తబుద్ధి కాలేదు. 400 తిరిగి ఇచ్చేశాను.

ఇక్కడే క్లాసులో చెప్పిన ఒక మాట నన్ను తప్పుదారి పట్టించింది. "జిగటగా ఉంటే భయపడకండి, అది మామూలే" అన్నారు. సగం నిజమే. ల్యాంపులోంచి తీశాక చాలా జెల్స్ పైపొర జిగటగానే ఉంటుంది, గాలి తగలడం వల్ల. ఆల్కహాల్‌తో తుడిస్తే పోతుంది. కానీ అడుగు మెత్తగా ఉండటం మామూలు కాదు, అది జెల్ ఉడకలేదని, అంటే లోపలిదాకా గట్టిపడలేదని లెక్క. తేడా తెలియాలంటే ముందు ప్లాస్టిక్ టిప్ (నకిలీ గోరు) మీద ఒక పూత వేసి, ల్యాంపులో పెట్టి, తర్వాత ఆ పూతను ఊడదీసి అడుగువైపు టిష్యూతో తుడిచి చూడాలి. టిష్యూకు రంగు అంటితే ఆ ల్యాంపు, జెల్ జత మనిషి గోరు మీదికి పోకూడదు. ఈ ఒక్క పరీక్ష 22 వీడియోల్లో ఎక్కడా లేదు.

ల్యాంపును మా వీధి చివర ఎలక్ట్రికల్ రిపేర్ షాపుకు పట్టుకుపోయాను. ల్యాంపు మీద పెద్ద అక్షరాలతో 48 వాట్లు అని ఉంది. ఆ అన్న ల్యాంపును చూడనే లేదు, అడాప్టర్ తిప్పాడు. "చెల్లె, గిది చదువు" అన్నాడు. సన్నటి అక్షరాల్లో అవుట్‌పుట్ 12 వోల్టులు, 0.5 ఆంప్ అని ఉంది. "రెండు గుణించు. ఆరు. లోపలికి ఆరు వాట్ల కరెంటు పోతే బయటికి నలభై ఎనిమిది ఎట్ల వస్తది?" పదో తరగతి లెక్క. 16,500 పంపే ముందు నాకు తట్టలేదు. వాట్లు ఒక్కటే చూసినా చాలదు లెండి. జెల్ గట్టిపడే వెలుగు తరంగదైర్ఘ్యం సాధారణంగా 365 నుంచి 405 నానోమీటర్ల మధ్య ఉండాలి, ఏ జెల్‌కు ఏ ల్యాంపు, ఎన్ని సెకన్లు అన్నది జెల్ కంపెనీయే చెప్పాలి. కానీ అడాప్టర్ దగ్గరే దొరికిపోయే అబద్ధం ఆడినవాళ్లు మిగతావి నిజం చెప్తారా?

ఊడిపోయే రంగు పెద్ద నష్టం కాదు. నా వేళ్లదే అసలు బాధ. నెల రోజులు రాత్రిళ్లు, పిల్లలు పడుకున్నాక, ఎడమ చేతి మీద ప్రాక్టీస్ చేశాను. చర్మానికి అంటిన జెల్‌ను కుడిచేతి బొటనవేలితో తుడిచేదాన్ని. మొదట దురద, తర్వాత వేలి కొసల్లో ఆవగింజల్లాంటి నీటి పొక్కులు, ఆపైన చర్మం పగలడం. వెల్లుల్లి ఒలిస్తే ప్రాణం పోయేది. చిన్నోడికి స్నానం చేయిస్తుంటే నీళ్లు తగిలినా మంట. స్కిన్ డాక్టరమ్మ చూసి ఏం పని చేస్తావని అడిగింది. విని, ఇది జెల్‌లో ఉండే అక్రిలేట్ అనే రసాయనాల అలర్జీలా ఉంది, జెల్ ముట్టుకోవడం పూర్తిగా ఆపేయమంది. ఉడకని జెల్ చర్మానికి పదేపదే తగలడం వల్లే ఇది వస్తుందట, ఒకసారి వస్తే సాధారణంగా జీవితాంతం ఉంటుందట. పంటికి ఫిల్లింగ్ పెట్టించుకోవాల్సి వస్తే ముందే డెంటిస్టుకు చెప్పమంది, ఎందుకంటే అందులోనూ ఇదే జాతి రసాయనాలుంటాయి. గ్లవ్స్ వేసుకుంటే సరిపోదా అని అడిగాను. మామూలు పల్చటి గ్లవ్స్‌లోంచి ఇది కొద్ది నిమిషాల్లోనే లోపలికి దిగుతుందంది.

యూరప్‌లో హెమా అనే ఇదే జాతి రసాయనం ఉన్న నెయిల్ ఉత్పత్తుల మీద 2021 నుంచి "ప్రొఫెషనల్స్ మాత్రమే వాడాలి, అలర్జీ రావచ్చు" అని రాసి తీరాలి. జెల్ గట్టిపడటానికి వేసే టీపీఓ అనే రసాయనాన్ని 2025 సెప్టెంబర్ 1 నుంచి అక్కడ నిషేధించారు. మన దగ్గర కూడా కాస్మెటిక్స్ రూల్స్ 2020 ప్రకారం బయటి దేశం నుంచి వచ్చే సౌందర్య సాధనాలకు రిజిస్ట్రేషన్ ఉండాలి, ఆ నంబరు, దిగుమతి చేసినవాళ్ల పేరు, చిరునామా లేబుల్ మీద ఉండాలి. ఇక్కడ తయారైనదైతే లైసెన్స్ నంబర్ ఉండాలి. అంకెల స్టిక్కర్ తప్ప ఏమీ లేని సీసాలో ఏముందో మీకూ తెలియదు, గోళ్లు చాచి మీ ముందు కూర్చున్న పెళ్లికూతురికీ తెలియదు.

డబ్బులు వెనక్కి అడిగితే అప్పటిదాకా "అక్కా అక్కా" అన్నామె "మేడమ్" అనడం మొదలుపెట్టింది. "మీరు బిజినెస్ కోసం కొన్నారు మేడమ్, వినియోగదారుల చట్టం మీకు వర్తించదు" అంది. వారం రోజులు అదే నిజమనుకున్నా. నిజం కాదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలోనే రాసి ఉంది: స్వయం ఉపాధితో బతుకుదెరువు కోసమే కొని, తానే వాడుకుంటే దాన్ని వ్యాపార అవసరంగా లెక్కించరు. బ్యాగు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగే మనకు సరిగ్గా సరిపోయే మాట అది. ఇంకొకటి, అమ్మినవాళ్లు ఏ రాష్ట్రంలో ఉన్నా మనం ఉండే చోటి జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయొచ్చు. ఐదు లక్షల లోపు కొనుగోలుకు ఫీజు లేదు, రెండేళ్ల లోపు వేయాలి.

ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేశాను, తెలుగులోనే మాట్లాడారు. ఫిర్యాదు నంబర్ వచ్చిన ఐదో రోజు సర్టిఫికెట్ తాలూకు 2,500 నా ఖాతాలో పడ్డాయి, ఒక్క మాట లేకుండా. కిట్ డబ్బులు మాత్రం రాలేదు. "మా పేజీలో మీరు పెట్టిన కామెంట్స్ తీసేస్తే 4,000 ఇస్తాం" అని మెసేజ్ పెట్టారు. మా ఆయన తీసుకొమ్మన్నాడు, ఇంట్లో దాని మీద చిన్న గొడవ కూడా అయింది. నేను తీసుకోలేదు. డబ్బులు పంపిన వెంటనే మోసమని తెలిస్తే మాత్రం 1915 కాదు, ముందు 1930కి చేయండి, అది సైబర్ నేరాల నంబర్. అక్కడ ప్రతి గంటా ముఖ్యమే.

కొనాలనే ఉంటే కొనండి, కానీ అడాప్టర్ ఫోటో, ఒక సీసా వెనకవైపు లేబుల్ ఫోటో పంపమనండి. "ఆఫీసు టైం అయిపోయింది" అన్నారా, మీ జవాబు మీకు దొరికినట్టే. బిల్లు మీద జీఎస్టీ నంబర్, దుకాణం చిరునామా అడగండి. కాంబో వద్దు. అలాగని ల్యాంపు ఒక కంపెనీది, జెల్ ఇంకో కంపెనీది కూడా కొనకండి. ఒకే కంపెనీ జెల్, దానికి ఆ కంపెనీ చెప్పిన ల్యాంపు, నాలుగైదు రంగులు, అంతే. 24 రంగులు ఎవరూ అడగరు. నన్నడిగింది మెరూన్ ఒక్కటే. నేర్చుకోవడం మాత్రం ఎవరి పక్కనైనా కూర్చుని నేర్చుకోండి. చర్మానికి తగలకుండా బ్రష్ నడపడం వీడియో చూస్తే వచ్చేది కాదు.

నేను ఇప్పుడు జెల్ ముట్టుకోవట్లేదు. మామూలు పాలిష్, మానిక్యూర్, పెళ్లిళ్లకు మెహందీ చేస్తున్నా. కమిషన్‌లో కేసు వేయడానికి కాగితాలు సర్దుకుంటుంటే ఒక చిక్కు వచ్చింది. పేజీలో చిరునామా లేదు, పీడీఎఫ్‌లో లేదు, బిల్లే లేదు. నోటీసు ఎక్కడికి పంపాలి? చివరికి అది మా పెద్దదాని దగ్గర దొరికింది. పార్సిల్ వచ్చిన అట్టడబ్బాను అది బొమ్మలకు ఇల్లు చేసుకుంది. ఆ ఇంటి గోడ మీద, స్కెచ్ పెన్ గీతల కింద, కొరియర్ స్లిప్పు అలాగే ఉంది. పంపినవాళ్ల పేరు, ఊరు, పిన్‌కోడ్‌తో సహా. బతిమాలితే ఆ గోడ వరకు కత్తిరించుకోనిచ్చింది. మీరు ఇప్పటికే కొని ఉంటే, ఆ డబ్బాను మాత్రం పాత పేపర్లవాడికి వేయకండి.