చదువుతూ అల్లేవారికి: మొనలు మార్చుకునే సూదులు, పుస్తకం స్టాండు – ఆరేళ్ల వాడకం తర్వాత

పుస్తకం చదువుతూ అల్లాలంటే చూపు పేజీ మీదే ఉంటుంది, అల్లికంతా వేళ్ళకే అప్పగించాలి. అందుకే ఈ పనికి సూదులు ఎంచుకునేటప్పుడు రంగూ మెరుపూ చూసి లాభం లేదు. కళ్ళు మూసుకుని, మొన నుంచి, రెండు మొనలనూ కలిపే తీగలాంటి కేబుల్ దాకా వేలితో తడిమి చూడాలి. ఎక్కడ గోరు ఆగుతుందో అక్కడే రేపు ఊలు కూడా ఆగుతుంది.

ఆరేళ్లుగా దాదాపు రోజూ వాడిన సామాను ఇది: 3.5 నుంచి 8 మి.మీ. దాకా చెక్క మొనలున్న సర్క్యులర్ సూదుల సెట్టు. 60, 80, 100 సెం.మీ. కేబుళ్లు, రెండు క్లిప్పులున్న చెక్క పుస్తకం స్టాండు.

ముందుగా ఈ సెట్టులో ఉన్న పెద్ద లోపం చెప్పాలి. మొన, కేబుల్ కలిసేచోట మరలు ఉంటాయి. అల్లుతున్నప్పుడు చేతి మెలికకు ఆ మర కొద్దికొద్దిగా విప్పుకుంటుంది. చూస్తూ అల్లేవారికి ఇది వెంటనే కనిపిస్తుంది. చదువుతున్నవారికి మాత్రం ఊలు ఆ సందులో ఇరుక్కుని లాగినప్పుడే తెలుస్తుంది, లేదా మొన ఊడి పాతిక కుట్లు కేబుల్ మీంచి జారాక తెలుస్తుంది. చేత్తో బిగిస్తే చాలదు. సెట్టుతో వచ్చే సన్నని తీగ తాళాన్ని కేబుల్ చివర ఉన్న రంధ్రంలో పెట్టి, మొనను చిన్న రబ్బరు ముక్కతో పట్టుకుని, రెండూ ఎదురెదురుగా తిప్పాలి. అంతకుమించి బలం పెడితే చెక్కకూ లోహపు తొడుగుకూ మధ్య జిగురు వదులుతుంది. ఈ సెట్టులో 4 మి.మీ. మొన ఒకటి నాలుగో ఏట అలాగే వదులైంది. ప్రతి అధ్యాయం పూర్తయ్యాక రెండు అతుకులనూ బొటనవేలితో ఒకసారి తడమడం అలవాటు చేసుకుంటే చాలావరకు గండం తప్పుతుంది.

లోహపు సూదుల మీద వేగం ఎక్కువ, సందేహం లేదు. కానీ పేజీ తిప్పడానికి ఒక చెయ్యి వదిలితే చివరి రెండు మూడు కుట్లు తమంతట తామే జారిపోతాయి. చెక్క కుట్టును కాస్త పట్టి ఉంచుతుంది. ఈ పనికి చెక్కే సరైనది. మొన మరీ సూదిగా కాకుండా కాస్త గుండ్రంగా ఉంటే ఊలు పోగుల మధ్య దూరదు. ఒకే అల్లికలో మధ్యలో లోహం నుంచి చెక్కకు మారితే బిగింపు మారి, అల్లిక మీద అడ్డంగా ఒక గీత పడినట్టు కనిపిస్తుంది. చెక్క గరుకెక్కితే చాలా సన్నని ఉప్పుకాగితంతో మొన వైపుకి నాలుగైదుసార్లు రుద్ది, మైనపు కాగితంతో తుడిస్తే మళ్ళీ నునుపవుతుంది.

మొనలు మార్చుకునే వీలు వల్ల అసలైన లాభం చాలామంది వాడుకోరు. కుట్టు పరిమాణాన్ని నిర్ణయించేది కుడిచేతి మొన, అంటే కొత్త కుట్టు ఏర్పడే సూది. ముందుకూ వెనక్కూ అల్లేటప్పుడు నిట్ (ముందువైపు నునుపుగా కనిపించే మామూలు కుట్టు) వరుస ఒక మొనతో, పర్ల్ (దాన్ని తిరగేసినట్టు గుబ్బలా కనిపించే కుట్టు) వరుస రెండో మొనతో పడుతుంది. చాలామందికి పర్ల్ వరుస కాస్త వదులుగా వస్తుంది, అందుకే వెనకవైపు చూస్తే వరుసలు జంటజంటలుగా విడిపోయినట్టుంటాయి. పర్ల్ వైపు 4 మి.మీ. తీసేసి 3.75 పెడితే సమమవుతుంది. గుండ్రంగా అల్లేటప్పుడు పని అంతా ఒకే కుడి మొనది. కాబట్టి ఎడమవైపు ఒక సైజు చిన్నది పెడితే కొలత మారదు, కుట్లు మొన దగ్గరికి ఇంకా సులువుగా ఎక్కుతాయి.

కేబుళ్లలో 80 సెం.మీ. ఉన్నదే ఎక్కువ పనికొచ్చింది. కొత్తది పాములా చుట్టుకుపోతుంటే వేడి నీళ్ళలో ఒక నిమిషం ముంచి, సాగదీసి వేలాడదీయాలి. టోపీ కోసం 40 సెం.మీ. చుట్టు కావాలంటే ఈ సెట్టు చాలదు. మొన ఒక్కొక్కటి 13 సెం.మీ. పొడవు, రెండూ కలిపి 26; మిగిలిన 14 సెం.మీ. కేబుల్ అంత చిన్న వంపు తిరగలేక మణికట్టు మీద భారం వేస్తుంది. 10 సెం.మీ. పొట్టి మొనలు విడిగా తీసుకోవాలి.

ఇక ఏం అల్లాలి అన్నది. చదువుకు అన్నిటికంటే కుదిరేది గుండ్రంగా వేసే సాదా నిట్. పర్ల్ లేదు, వెనక్కి తిప్పడం లేదు. డీకే మందం (మరీ సన్నం, మరీ లావు కాని) ఊలు, 4 మి.మీ. సూది, 10 సెం.మీ.కు 22 కుట్లు, 30 వరుసలు అనుకుంటే, 100 సెం.మీ. చుట్టుకొలత స్వెటర్‌కు 220 కుట్లు కావాలి. అంచు రిబ్ (నిట్, పర్ల్ మార్చి మార్చి వేసే సాగే పట్టీ) అయ్యాక 35 సెం.మీ. ఒళ్ళు అల్లడానికి 105 చుట్లు, అంటే 23,100 కుట్లు. ఓ మంచి లావుపాటి నవల దానికి తోడుగా సరిపోతుంది. మొదటి చుట్టు మాత్రం పుస్తకం మూసే అల్లాలి. ఎక్కించిన కుట్ల అంచు ఎక్కడా మెలిక పడకుండా లోపలివైపుకి ఉందో లేదో చూసుకోకుండా కలిపేస్తే, ఆ మెలికను తర్వాత సరిచేసే దారి లేదు, మొత్తం విప్పాల్సిందే.

చుట్టు మొదలయ్యేచోట లావుపాటి మార్కర్ (సూదికి తొడిగే గుర్తు రింగు), 110వ కుట్టు తర్వాత సన్నని మార్కర్ పెడితే వేలికే తేడా తెలుస్తుంది. పక్క అతుకు ఉండాల్సిన చోట ఒక్కో పర్ల్ కుట్టు వేసుకుంటూ పోతే ఇంకా మంచిది. ఆ చిన్న గుబ్బ చూడకపోయినా తగులుతుంది.

లేసు, జడలా మెలిపెట్టే కేబుల్ అల్లికలు, రంగులు మార్చేవి చదువుతూ పెట్టుకోవద్దు. మొహెయిర్ (అంగోరా మేక వెంట్రుకల) ఊలు కూడా వద్దు. దాని నూగులో కుట్టు తప్పింది వేలికి దొరకదు, విప్పబోతే చిక్కుపడుతుంది. నూలు దారం సాగదు కాబట్టి గంటసేపట్లో వేళ్ళు అలసిపోతాయి. నల్లరంగు ఊలు అల్లడం కష్టమేమీ కాదు గానీ, జారిన కుట్టు వెతకడం కష్టం.

కుట్టు జారడం తప్పదు. అందుకే ప్రతి పది చుట్లకోసారి పుస్తకం మీంచి చూపు తిప్పి అల్లికను వెలుగుకు ఎదురుగా పట్టి చూడాలి. నిచ్చెనలా అడ్డపోగులు కనిపిస్తే అదే జారిన కుట్టు. 3.5 మి.మీ. క్రోషియా కొక్కెంతో కింది కుట్టును పట్టుకుని, ఒక్కో అడ్డపోగునూ వెనక నుంచి ముందుకు లాగుతూ పైదాకా ఎక్కించాలి. ఎప్పుడో జారి, దానిపైన పక్క కుట్లతోనే చాలా చుట్లు అల్లేసి ఉంటే, ఎక్కించడానికి అక్కడ ఊలు మిగిలి ఉండదు. బలవంతంగా ఎక్కిస్తే ఆ గీత పొడవునా అల్లిక ముడుచుకుంటుంది.

కథ ఉత్కంఠగా సాగే పేజీల్లో చేయి బిగుస్తుంది, నెమ్మదించినచోట వదులవుతుంది. ప్రతి 10 సెం.మీ.కూ ఒకసారి స్కేలు పెట్టి కుట్లు లెక్కపెట్టాలి. 22 కాస్తా 23 అయిందంటే 100 సెం.మీ. స్వెటర్ సుమారు 96కు దిగిందన్నమాట.

స్టాండు విషయానికొస్తే, అది మంచి పనివస్తువు, ఒక్క చిక్కు తప్ప. 500 పేజీలు దాటిన పుస్తకంలో మొదటి, చివరి పేజీల దగ్గర ఒక పక్క లావు, ఒక పక్క పలచన కావడంతో పుస్తకం ఒరిగిపోతుంది. పలచటి పక్కన వెనకాల అట్టముక్క దూర్చితే నిలుస్తుంది. దారంతో కుట్టిన బైండింగు చక్కగా పరుచుకుంటుంది. జిగురు బైండింగును క్లిప్పులతో బలవంతంగా తెరిస్తే వెన్ను విరిగి పేజీలు ఊడతాయి. అలాంటివి స్టాండు మీద పెట్టకపోవడమే పుస్తకానికి మర్యాద. స్టాండు కంటికి 50, 60 సెం.మీ. దూరంలో ఉంటుంది కాబట్టి చిన్న అచ్చులో వత్తులూ గుడులూ కలిసిపోయినట్టు కనిపిస్తాయి. ఈ-రీడర్ అయితే అక్షరాలు రెండు మెట్లు పెద్దవి చేసుకుని, ఊలు చుట్టిన వేలితో కాకుండా వేలి కణుపుతో తాకి పేజీ తిప్పవచ్చు.

వరుసలుగా అల్లేటప్పుడు వరుస పూర్తయ్యాకే పేజీ తిప్పాలి. మధ్యలో సూదులు కింద పెట్టి మళ్ళీ తీస్తే ఎటువైపు అల్లుతున్నామో తికమకపడి వెనక్కి తిరిగిపోతాం, అక్కడ చిన్న కన్నం పడుతుంది. అలా పెట్టాల్సి వస్తే ఒక్కటి గుర్తుంచుకోవాలి: ఉండ నుంచి వచ్చే ఊలు ఏ సూది కుట్టుకు వేలాడుతోందో అది కుడిచేతిలోకి రావాలి.

ముదురు నీలం, ఎరుపు ఊలు దారాలు వేళ్ళకు రంగు అంటిస్తాయి, అక్కడి నుంచి పేజీల అంచులకు. అల్లడానికి ముందే ఊలును చిలపగా కట్టి, గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి, నీళ్ళు తేటగా వచ్చేదాకా మార్చి ఆరబెట్టాలి. తర్వాత తడి తెల్లగుడ్డతో రుద్ది చూసి, గుడ్డకు రంగు అంటకపోతేనే పుస్తకం పక్కన పెట్టాలి.