పిడుదుల సర్వేకి మడత బోను: ఎలుక దొరుకుతుంది, పిడుదు జారిపోతుంది

అడవి చిట్టెలుకల మీద ఏయే జాతుల పిడుదులు ఉన్నాయో చూసే పనికి రెండు సీజన్లుగా మడతపెట్టే అల్యూమినియం బోనులు వాడుతున్నాను. ఎలుకను పట్టడంలో వీటికి వంక పెట్టలేను. విప్పితే దాదాపు 23 సెంటీమీటర్ల పొడవైన పెట్టె, మడిస్తే పలక, ఒక్క సంచిలో చాలా పట్టేస్తాయి. లోపలి రేకు మీద కాలు పడగానే తలుపు మూసుకుంటుంది, ఎలుకకు దెబ్బ తగలదు. ఎరగా ఓట్స్, వేరుశనగ వెన్న కలిపిన ముద్ద చాలు. చలి రాత్రుల్లో మాత్రం గుప్పెడు దూది తప్పకుండా పెట్టండి, రేకు పెట్టెలో ఆ చిన్న ప్రాణం చలికి పోతుంది. అలా ఒక్కటి పోయినా నాకు ఆ రోజంతా మనసు బాగోదు.

అయితే నేను వీటిని కొన్నది ఎలుక కోసం కాదు, దాని చెవుల అంచుల్లో, కళ్ల చుట్టూ అంటుకుని ఉండే పిడుదు లార్వాల (గుడ్డులోంచి వచ్చిన తొలి దశ పిల్లల) కోసం. ఇబ్బంది అక్కడే వచ్చింది. రక్తం తాగి నిండిన లార్వా తనంతట తానే ఊడి కింద పడి బోను మడతల్లోకి దూరిపోతుంది, తాగక ముందైతే అది మిల్లీమీటరు కూడా ఉండదు. ఎలుకను చూసి "మూడు" అని రాసుకున్నాక ఒకరోజు ఎందుకో బోనును తెల్ల ట్రేలో పూర్తిగా విప్పి దులిపితే ఇంకో రెండు రాలాయి. అంతకు ముందు నెలల లెక్కలన్నీ తక్కువేనని అప్పుడు అర్థమైంది, చాలా బాధేసింది. దులపకుండా మళ్లీ పెడితే నిన్నటి ఎలుక పిడుదు ఇవాళ్టి ఎలుక లెక్కలో చేరే ప్రమాదం కూడా ఉంది. పూర్తిగా విప్పి దులిపే వీలుంది కాబట్టే మడత రకం కొనమంటాను, విప్పలేని పెట్టె ఈ పనికి వద్దు.

అనుమతి, వసతి ఉంటే ఇంకో దారి ఉంది. ఎలుకను జాలీ అడుగున్న గూటిలో మూడు నాలుగు రోజులు ఉంచి, కింద నీళ్ల పళ్లెం పెడితే నిండిన పిడుదులు అందులో పడతాయి. వాటిని తేమలో బతికిస్తే తర్వాతి దశైన నింఫ్‌గా మారతాయి, జాతి గుర్తించడం లార్వా కంటే తేలిక.

సెట్‌తో వచ్చిన ఫోర్సెప్స్ (చిన్న పట్టకారు) మాత్రం దండగ. మొన మొద్దు, లాగితే నోటి భాగం తెగి చర్మంలోనే ఉండిపోతుంది. నోరు పోతే గుర్తింపులో సగం పోయినట్టే, ఎందుకంటే పిడుదుల ప్రజాతుల్లో ఒకటైన హీమాఫైసాలిస్‌ను చాలావరకు నోటి పక్కన బయటికి పొడుచుకొచ్చిన భాగాన్ని బట్టే పోలుస్తాం. ఇక్సోడిస్ అనే మరో ప్రజాతికైతే మలద్వారానికి ముందువైపు వంపు తిరిగిన గాడి చూడాలి, వీపు మీద గట్టి పలక ఉండే మిగతా పిడుదుల్లో ఆ గాడి ఉంటే వెనకవైపే ఉంటుంది. సన్న మొన ఫోర్సెప్స్ విడిగా కొని, చర్మానికి ఆనించి పట్టి నిదానంగా నేరుగా లాగండి. డీఎన్‌ఏ పరీక్ష ఉంటే 95 శాతం ఆల్కహాల్‌లో వేయండి, ఆకారం చూడ్డానికైతే 70 శాతం చాలు.

గడ్డి మీద గుడ్డ ఈడ్చి పిడుదులు పట్టొచ్చు కదా, బోనులెందుకు అని అడుగుతారు. ఇక్సోడిస్ ట్రయాంగ్యులిసెప్స్ లాంటిది అన్ని దశలూ చిన్న జంతువుల మీద, వాటి బొరియల్లోనే గడుపుతుంది, గుడ్డకు దాదాపు దొరకదు. లైమ్ వ్యాధి తెచ్చే బొరెలియా బ్యాక్టీరియాను లార్వాలు ఎక్కువగా ఎక్కించుకునేది కూడా ఎలుకల దగ్గరే.

బోనుకు నాలుగు స్టార్లు, ఫోర్సెప్స్‌కు ఒకటి. ఆర్డర్ పెట్టేటప్పుడే ఒక తెల్ల ట్రే, ఒక మెత్తటి బ్రష్, బోనుకో జిప్ కవర్ కలిపి కొనండి.