కారు పెయింట్‌కు కోటింగ్ పూసే అప్లికేటర్లు: ఏడేళ్లు వాడాక నా సమీక్ష

హనుమకొండలో మా ఇంటి పోర్టికోలో ఉండే కారు 2017 నాటి బలెనో, నెక్సా బ్లూ అనే ముదురు నీలం రంగుది. ముదురు రంగు కారు ఉన్నవారికి ఈ బాధ తెలుసు: తెల్ల కారు మీద కంటికి ఆనని గీత కూడా దీని మీద కొట్టొచ్చినట్టు కనబడుతుంది. 2018 నుంచి ఈ పెయింట్‌ను కార్లను శుభ్రం చేసి మెరుగుపెట్టే డిటైలింగ్ దుకాణానికి ఇవ్వకుండా నేనే చూసుకుంటున్నాను. మొదటి రెండేళ్లు కార్నౌబా అనే చెట్టు ఆకుల మైనంతో చేసిన వ్యాక్స్ పూశాను, ఆ తర్వాత కొన్నాళ్లు సీలెంట్ అనే సింథటిక్ పూత వాడాను, 2020 డిసెంబరులో మొదటిసారి సెరామిక్ కోటింగ్, అంటే పెయింట్ మీద గాజులా గట్టిపడే ద్రవం, వేశాను, 2023 జనవరిలో దాన్ని పాలిష్‌తో తీసేసి కొత్తగా మళ్లీ వేశాను. మధ్యలో మా బావగారి తెల్ల స్విఫ్ట్‌కూ, ఆఫీసులో మరో ఇద్దరి కార్లకూ నా చేత్తోనే పూశాను. ఏ కంపెనీ సీసా కొనమంటారని అడిగినవారు చాలామంది ఉన్నారు కానీ, దేనితో పూయాలని అడిగినవారు ఇంతవరకూ ఒక్కరూ లేరు. నా కారు మీద జరిగిన తప్పుల్లో ఎక్కువ భాగం పూసిన స్పాంజ్ వల్లనో గుడ్డ వల్లనో జరిగినవే కాబట్టి, ఈ సమీక్షను వాటికే పరిమితం చేస్తున్నాను.

కారు రంగుకు పైన ఉండే పారదర్శకమైన పొర, అంటే క్లియర్‌కోట్, సాధారణంగా 40, 50 మైక్రాన్ల మందం ఉంటుంది (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). దాని మీద మనం పూసే సెరామిక్ పొర ఎండిన తర్వాత ఒక మైక్రాన్‌కు అటూ ఇటూగా మిగులుతుంది. ఇంత పలచని పొర బానెట్ అంతటా ఒకే తీరుగా పరుచుకోవాలంటే, పూసే సాధనం ద్రవాన్ని తనలో దాచుకోకూడదు, ఒత్తిన చోటల్లా కక్కకూడదు, పోగులు రాల్చకూడదు. వ్యాక్స్ విషయంలో ఇంత పట్టింపు అవసరం లేదు. ఎక్కడైనా మందంగా పడినా తుడిస్తే పోతుంది, మర్నాడు గుర్తించినా దిద్దుకోవచ్చు. సెరామిక్ కోటింగ్ గాలిలోని తేమతో కలిసి గట్టిపడుతుంది కనుక, చూసుకోకుండా వదిలిన చుక్క కొన్ని గంటల్లోనే పెయింట్‌కు అతుక్కుపోతుంది. వ్యాక్స్‌కు పనికొచ్చిన స్పాంజ్ దీనికీ పనికొస్తుందని అనుకోవడమే నేను చేసిన మొదటి తప్పు.

2020లో నా చేతిలో ఉన్నది వ్యాక్స్ కోసం కొన్న గుండ్రటి పసుపు ఫోమ్, అరచేయంత వెడల్పు, రెండు వేళ్ల మందం. కోటింగ్ సీసాలో ఉన్నది 30 మిల్లీలీటర్లు. ఆ ఫోమ్ మీద పదేసి చుక్కలు వేసి రూఫ్, బానెట్ పూర్తి చేసేసరికి సీసాలో సగానికి పైగా ఖాళీ అయింది. కారు మీద మాత్రం అంత ద్రవం కనబడలేదు, ఎందుకంటే అందులో ఎక్కువ భాగం ఫోమ్ కడుపులోనే ఉండిపోయింది. బానెట్ అంచు దగ్గర వంపు తిరిగేటప్పుడు చేయి కాస్త గట్టిగా పడింది, లోపల దాగిన ద్రవమంతా ఒక్కసారిగా అక్కడ బయటికి వచ్చింది. పోర్టికోలో ట్యూబ్‌లైట్ ఒక్కటే ఉండడంతో అప్పుడు నాకది కనబడలేదు. మర్నాడు ఉదయం ఎండ ఏటవాలుగా పడినప్పుడు, రోడ్డు మీద నిలిచిన నీళ్లలో డీజిల్ చుక్క పడితే తేలే రంగుల్లాంటి మచ్చ ఒకటి జానెడు పొడవున బానెట్ అంచు వెంట కనిపించింది. డిటైలింగ్ చేసేవాళ్లు దీన్ని హై స్పాట్ అంటారు. మైక్రోఫైబర్ గుడ్డతో ఎంత రుద్దినా అది కదల్లేదు. చివరికి సన్నటి పాలిష్ పెట్టి చేత్తో అరగంట సేపు రుద్ది ఆ మచ్చను తీశాను. దానితో పాటు అక్కడి మంచి కోటింగ్ కూడా పోయింది కాబట్టి ఆ ముక్కకు మళ్లీ పూయాల్సి వచ్చింది.

ఆ తర్వాత నుంచి సెరామిక్ కోటింగ్‌కు నేను వాడుతున్నది చిన్న ఫోమ్ బ్లాక్ మీద చుట్టిన స్వెడ్ గుడ్డ. కార్‌ప్రో వారి సీక్వార్ట్జ్ వంటి కొన్ని కోటింగ్ కిట్లలో ఈ జోడీ సీసాతో పాటే వస్తుంది, విడిగా కూడా దొరుకుతుంది. బ్లాక్ సబ్బుబిళ్ల కన్నా కొంచెం పెద్దగా, ఒకవైపు గట్టిగా, ఒకవైపు మెత్తగా ఉంటుంది. గట్టి వైపు వేళ్లతో పట్టుకుని, మెత్తటి వైపు స్వెడ్ గుడ్డ బిగుతుగా ఉండేలా చుట్టి, దాని మీద ద్రవం చుక్కలు వేయాలి. తోలులా కనబడే ఈ గుడ్డ నిజానికి చాలా పొట్టి నూగు ఉన్న సన్నటి సింథటిక్ నేత. తువ్వాలు లాంటి మైక్రోఫైబర్‌కు ఉండే పొడవాటి పోగులు దీనికి లేవు కనుక ద్రవాన్ని తక్కువగా తాగుతుంది, తాగినదాన్ని పలచటి పొరలా వదులుతుంది. 2023లో ఇదే పద్ధతిలో కారు మొత్తానికి పూశాక కూడా 30 మిల్లీలీటర్ల సీసాలో అడుగున కొంత మిగిలింది. మొదటి గుడ్డకు ఎనిమిది, పది చుక్కలు వేసి తడపాలి. ఆ తర్వాత ప్రతి రెండడుగుల చదరానికి మూడు, నాలుగు చుక్కలు చాలు. ముందు అడ్డంగా, తర్వాత నిలువుగా పూస్తే ఎక్కడా వదిలేసిన చోటు మిగలదు.

స్వెడ్‌కు ఒక చెడ్డ గుణం ఉంది, దాని గురించి కిట్ మీద పెద్ద అక్షరాలతో రాస్తే బాగుండేది. పెయింట్ మీద గట్టిపడే ద్రవం గుడ్డ మీద కూడా గట్టిపడుతుంది. రెండు డోర్లు పూసిన గుడ్డను పక్కన పెట్టి, టీ తాగి వచ్చి దాన్ని వేళ్ల మధ్య నలిపి చూస్తే గంజి పెట్టి ఆరేసిన బట్టలా పెళపెళలాడుతుంది, అంచులు గోరుకు గరుగ్గా తగులుతాయి. అలాంటి గుడ్డతోనే ఒకసారి ఫెండర్, అంటే చక్రం పైనుండే రేకు, పూశాను, ఎండలో చూస్తే సన్నటి సమాంతర గీతలు తేలాయి. గుడ్డను ఉతికి మళ్లీ వాడవచ్చునని కొందరు చెబుతారు, నేను ఒప్పుకోను. ఉతికితే మట్టి పోతుంది గానీ పోగుల మధ్య గాజులా గట్టిపడింది పోదు. ఇప్పుడు ప్రతి రెండు ప్యానెళ్లకు, అంటే డోరు, బానెట్ లాంటి భాగాలకు, ఒక కొత్త గుడ్డ తీసుకుంటున్నాను, బాగా చలిగా ఉన్న ఉదయమైతే మూడింటి వరకూ వస్తుంది. వేల రూపాయల కోటింగ్ కొని, పదుల రూపాయల గుడ్డ దగ్గర పొదుపు చేయడం నాకు సమంజసంగా తోచలేదు. కిట్‌లో వచ్చే గుడ్డలు సాధారణంగా చాలవు కాబట్టి పది, పన్నెండు అదనంగా కొని దగ్గర పెట్టుకోవడం మంచిది. ద్రవంలో సాల్వెంట్లు, అంటే త్వరగా ఆవిరయ్యే ఘాటైన రసాయనాలు, ఉంటాయి, చేతికి నైట్రైల్ గ్లౌజులు వేసుకోకుండా ఈ పనికి కూర్చోకండి.

మన ప్రాంతానికి సంబంధించి చెప్పుకోవలసినది వేడి, దుమ్ము, దూది. చాలా కోటింగ్‌లకు తయారీదారులు సూచించే ఉష్ణోగ్రత సుమారు 10 నుంచి 30 డిగ్రీలు. వరంగల్‌లో మార్చి దాటాక పగలు ఆ హద్దులో ఉండదు, మే నెలలో 40 దాటుతుంది. అప్పుడు బానెట్ రేకు గాలి కన్నా ఇంకా వేడిగా ఉంటుంది. అంత వేడిలో సాల్వెంట్ క్షణాల్లో ఆవిరై, గుడ్డ రేకుకు అంటుకుని లాగినట్టవుతుంది, ఎంత మంచి స్వెడ్ అయినా చారలు వదులుతుంది. అందుకే ఇప్పుడు నేను డిసెంబరు, జనవరి ఉదయాలు తప్ప ఈ పని పెట్టుకోను. వానాకాలంలో తేమ వల్ల, పూశాక పైన మిగిలిన ద్రవాన్ని ఎప్పుడు తుడవాలో అంచనా తప్పుతుంది, అది కూడా మానుకోవడమే మేలు.

దూది సంగతి నాకు మా బావగారింటి దగ్గర తెలిసింది. వారి ఇల్లు వరంగల్‌లోని ఎనుమాముల వ్యవసాయ మార్కెట్‌కు వెళ్లే దారిలో ఉంది. నవంబరులో పత్తి బండ్లు వరుసగా వెళుతుంటే గాలిలో తేలే సన్నటి నూగు మామూలుగా మన కంటికి ఆనదు. స్విఫ్ట్ రూఫ్ మీద కోటింగ్ తడిగా ఉండగా నాలుగైదు పోగులు వచ్చి వాలాయి. వాటిని తీయబోయిన గుడ్డ పోగులను ఈడ్చి, తడి పొర మీద తోకల్లాంటి గీతలు మిగిల్చింది. తెల్ల కారు కనుక ఇప్పటికీ ఎవరికీ కనబడలేదు, నాకు మాత్రం అటు వెళ్లిన ప్రతిసారీ కనబడుతుంది. ఆ తర్వాత నుంచి పని మొదలుపెట్టే ముందు పోర్టికో నేలంతా నీళ్లతో తడుపుతున్నాను, రోడ్డు వైపు పాత చీరలు కట్టి అడ్డు పెడుతున్నాను, స్వెడ్ గుడ్డలను జిప్ కవర్‌లోంచి ఒక్కొక్కటిగా మాత్రమే బయటికి తీస్తున్నాను. కరీంనగర్ వైపు గ్రానైట్ క్వారీల దగ్గరో, రామగుండం, భూపాలపల్లి బొగ్గు గనుల దగ్గరో ఉండేవారు ఈ జాగ్రత్త ఇంకాస్త ఎక్కువగానే తీసుకోవాలి. రాతి పొడి రేణువు ఒక్కటి అప్లికేటర్ కిందికి వచ్చినా అది ఉప్పుకాగితం పని చేస్తుంది.

మైక్రోఫైబర్ అప్లికేటర్లు, అంటే లోపల స్పాంజ్, పైన నూగు గుడ్డ కుట్టిన దిండు లాంటివి, సీలెంట్‌కు నాకు బాగా నచ్చాయి. సీలెంట్ కాస్త చిక్కటి పాలలా ఉంటుంది, దాన్ని ఈ నూగు చక్కగా పరుస్తుంది. సెరామిక్‌కు మాత్రం ఇవి ఫోమ్ లాగే ద్రవాన్ని మింగేస్తాయి. మధ్యలో పలచటి ప్లాస్టిక్ పొర పెట్టి, ద్రవం లోపలికి ఇంకకుండా చేసినవి కూడా వస్తున్నాయి; అలాంటి వాటిలో ఒకదాన్ని రెండు ప్యానెళ్ల మీద వాడి చూశాను, వృథా తగ్గిన మాట నిజమే గానీ అంచుల దగ్గర స్వెడ్ బ్లాక్ అంత పట్టు దొరకలేదు. ఈ దిండ్లు కొనేటప్పుడు నేను చూసేది కుట్టు. పక్కన గట్టి దారంతో కుట్టి, లేబుల్ లోపలే వదిలేసినవి తీసుకోవద్దు. అనుమానం ఉంటే పాత సీడీ వెనక వైపు మెరిసే భాగాన్ని దానితో పదిసార్లు రుద్ది, ఫోన్ టార్చ్ కింద పెట్టి చూడండి. సీడీ మీద గీతలు పెట్టేది నల్ల కారు మీద కూడా పెడుతుంది. మా వీధి దుకాణంలో కొన్న మూడింటిలో రెండు ఈ పరీక్షలోనే పోయాయి, వాటిని టైర్లు తుడవడానికి పక్కన పెట్టాను.

వ్యాక్స్‌కు గుండ్రటి ఫోమ్ ఇప్పటికీ చాలు, కొంచెం నీళ్లు చిలకరించి తడిపితే ఇంకా పలచగా సాగుతుంది. వాడాక గోరువెచ్చటి నీళ్లలో మెత్తటి సబ్బుతో కడిగి నీడలో ఆరబెట్టాలి. ఎండలో వేస్తే మన వేసవికి ఫోమ్ రంగు మారి పొడిపొడిగా రాలుతుంది. మైక్రోఫైబర్‌ను ఉతికేటప్పుడు కంఫర్ట్ లాంటి ఫ్యాబ్రిక్ కండిషనర్ కలపకండి, అది పోగులకు పూతలా పట్టి పీల్చే గుణాన్ని చంపేస్తుంది.

డోర్ హ్యాండిల్ గుంటలు, అద్దాల మొదలు, వెనక అక్షరాల చుట్టూ బ్లాక్ దూరదు. అక్కడ స్వెడ్ గుడ్డను నాలుగు ముక్కలుగా కత్తిరించి, ఒక ముక్కను చూపుడువేలికి చుట్టి, ఒక్క చుక్కతో పూస్తాను. ఇందుకు కొందరు మేకప్ దూది బిళ్లలు వాడతారు, ఎనుమాముల అనుభవం తర్వాత దూది పేరు ఎత్తితేనే నాకు భయం.

ఇక రూఫ్. ఎంత అనుభవం వచ్చినా నాకు ఇప్పటికీ కష్టంగా ఉన్న చోటు అదే, ఎందుకంటే చేయి అందే లోపు ఒక పక్క ఎండిపోతుంది. ఇప్పుడు దాన్ని మధ్యకు పొడవునా రెండుగా విభజించుకుని, ఒక సగం పూర్తిగా అయ్యాకే రెండో వైపుకు స్టూలు మారుస్తున్నాను. నేను స్వెడ్‌తో పూస్తూ ముందుకు కదులుతుంటే, మా ఆవిడ వెనకాలే పొట్టి నూగు మైక్రోఫైబర్‌తో ఒకసారి, మెత్తటి దానితో మరోసారి తుడుస్తుంది. ఎల్ఈడీ టార్చ్ ఆమె చేతిలోనే ఉంటుంది. మచ్చ కనబడితే నన్ను ఆగమంటుంది, ఆ గుడ్డ అక్కడే మార్చి మళ్లీ పూస్తాను. 2023లో అలా రెండుసార్లు ఆపింది, ఎండలో చూసుకుంటే రూఫ్ మీద ఒక్క హై స్పాట్ కూడా లేదు.